కొమ్ముల నడుమ దీపం

మా ఇంట్లో ఒట్టు పెట్టే అలవాటు లేదు. ఒట్టు పెట్టేది మాట నిలవనివాళ్ళు అనేవాడు మా నాయన. ఇన్నేళ్ళుగా నేనూ ఎవరి ముందరా ఒట్టుకు చెయ్యి చాచలేదు. ఈ ఒక్కదానికి పెడుతున్నాను. మా నాయన తలపాగా ఇదిగో, ఒళ్ళోనే ఉంది. దీని మీద చెయ్యి ఉంచి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. నేను తాగను. ఆ రాత్రి జ్వరం లేదు. చెవులకు ఏ రోగమూ లేదు. లేకపోవడమే నా కర్మ అయింది.

మాది కణేకల్ దాటినాక హగరి ఒడ్డున ఒక ఊరు. ఇప్పుడు దాన్ని ఏరు అనాలంటే నోరు రాదు. ఇసక. చూసినంత మేరా ఇసక. గాలి లేస్తే దిబ్బలు నడుస్తాయి. చేన్లోకి వస్తుంది, బావిలోకి వస్తుంది, తినే సంగట్లోకి వస్తుంది. నాకు బుద్ధి తెలిసినాక ఆ ఏట్లో నీళ్ళు పారింది ఒకసారో, రెండుసార్లో. అదీ చీలమండలు తడవడానికే.

ఆ ఇసక ఒడ్డున మా దీపబురుజు ఉండేది. సముద్రం రేవుల్లో ఓడలకు దారి చూపించే దీపాలు ఉంటాయంటారు. నేను సముద్రం చూడలేదు. మాది బండ్ల రేవు. పని మాత్రం అదే.

ఏరు నిండుగా ఉన్న కాలంలో దాన్ని దాటడం ఆట కాదు. అడుగడుగునా ఊబి. నీళ్ళ కింద ఒకే ఒక్క చోట బండ పరిచినట్టు రాతి బాట ఉండేది. దాని మీద చక్రం ఉంటే బతుకు. జారితే ఎద్దులూ బండీ మనుషులూ లోపలికే. బళ్ళారి వైపు నుంచి పత్తి, చింతపండు, ఉప్పు వేసుకుని వచ్చే బండ్లు ఎండకు ఓర్వలేక రాత్రిళ్ళే నడిచేవి. ఆ రాతి బాటకు నేరుగా, ఇవతలి ఒడ్డున, మా పూర్వీకుడు బురుజు కట్టించి పైన దీపం పెట్టించినాడు. బండి తోలేవాడు ఎద్దు రెండు కొమ్ముల నడుమ దీపం కనపడేటట్టు తోలుకోవాలి. అంతే. దీపం కొమ్ముల నడుమ ఉన్నంతసేపూ చక్రం రాతి మీద ఉన్నట్టే.

దీపం వెలిగిందంటే 'ఏరు మంచిగా ఉంది, రండి' అని. వెలగలేదంటే 'పైన వాన పడింది, నిలవండి' అని. ఇంకో కట్టడి కూడా ఉండింది. అవతలి ఒడ్డున బండి ఆపి, నీళ్ళలో దిగే ముందు కేక వెయ్యాలి. "దొరా, దాటొచ్చునా?" బురుజు మీద ఉన్నవాడు "రండి" అనాలి. ఆ మాట మా ఇంటి మగవాడే అనాలి, జీతగాడు అనకూడదు. ఇవతలికి చేరినాక వాళ్ళు "దాటినాం దొరా" అని మళ్ళా కేక వెయ్యాలి. ఆ కేక వినపడేవరకు దీపం ఆర్పకూడదు. దిగి ఇంటికి పోకూడదు. రమ్మన్నవాడిదే బాధ్యత.

తరాల తరబడి మా దీపం నమ్ముకుని దిగినవాడు మునిగినాడన్న మాట లేదు. ఒక్క రాత్రి తప్ప.

అది మా జేజినాయన కాలంలో. నాయనకు నాయన. అవతలి ఊరి పెళ్ళి బండ్లు దిగినాయి. నడి ఏట్లో ఉండగా పైనుంచి ఏరు వచ్చింది. ఒక్క పిల్ల బతికింది. కాడిమానుకు చీర కొంగు చిక్కుకుని ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. ఆ పిల్ల పెరిగి, పెళ్ళాడి, ముసలిదై చచ్చేవరకు ఒకటే మాట చెప్పింది. దీపం వెలిగింది. రండి అన్నారు. మేము నీళ్ళలో ఉండగా ఆరిపోయింది.

మా జేజినాయన కూడా చచ్చేవరకు ఒకటే మాట చెప్పినాడు. పైన మైసూరు కొండల్లో వాన అని ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది. నేను దీపం వెలిగించలేదు. బురుజు తాళం నా మొలతాడుకే ఉంది. నేను ఇంట్లో పండుకొని ఉన్నాను.

మావాళ్ళు ఆ పిల్ల మాటనే పట్టుకున్నారు. ఆ పిల్ల ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ రాత్రి దీపం ఎర్రగా లేదట. తెల్లగా, చందమామ ముక్క మాదిరి ఉండిందట. గాలికి ఊగలేదట. రండి అన్న గొంతు కూడా దొర గొంతు మాదిరే ఉండింది గానీ దొరది కాదు అనిందట. మాది ఆముదం దీపం. చెయ్యి లావు వత్తి. ఎర్రగా మండుతుంది, గాలికి ఊగుతుంది. అయితే ఆ తెల్లది ఏమిటి? కొరివిదయ్యం అని మా ఇంట్లో తీర్మానం చేసినారు. అవతలి ఊరివాళ్ళు దాన్ని నమ్మలేదు. తాగి వెలిగించి, తాగి ఆర్పి, ఇప్పుడు దయ్యం అంటావా అన్నారు.

అక్కడినుంచి మా ఇల్లు దిగజారింది. బండ్లు ఇంకో రేవు చూసుకున్నాయి. తరవాత వంతెన వచ్చింది. తరవాత ఏరే పోయింది. అవతలి ఊరివాళ్ళు ఈ రోజుకీ మా ఇంట మంచినీళ్ళు ముట్టరు. నాకు పిల్లనిచ్చినవాళ్ళు లేరు. మా అక్క ఓబులమ్మకు ఎక్కడో దూరాన సంబంధం చేసినారు. మొగుడు పోయినాక తిరిగొచ్చింది. ఇంట్లో ఇద్దరమే. దొర అన్న పిలుపు మా నాయనతోనే పోయింది. నన్ను అందరూ తిమ్మప్ప అంటారు. కొందరు ఎకసెక్కానికి 'దీపం తిమ్మప్ప' అంటారు.

నేను తల వంచింది లేదు. పెండ్లిలో, చావులో, సంతలో, బస్సులో... ఎవరు ఆ సంగతి ఎత్తినా వెన్ను నిలబెట్టి ఒకటే మాట చెప్పినాను. ఆ రాత్రి మా దీపం వెలగలేదు. మా జేజినాయన అబద్ధం ఆడలేదు. మాకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే.

ఇక ఆ రాత్రి సంగతి.

నీళ్ళు లేని ఏటికి రెండో వంతెన వేస్తున్నారు. దానికి వచ్చే రోడ్డు సరిగ్గా మా బురుజు మీదుగా పోతుంది. తెల్లారితే జేసీబీ వస్తుందని చెప్పి పోయినారు. ఆ రోజు అమావాస్య. పొద్దు గుంకే వేళకు నేను స్నానం చేసి, నాయన తలపాగా చుట్టుకుని, ఆముదం సీసా, కొత్త వత్తి తీసుకున్నాను.

"యాడికి బయలుదేరినావు రాజకుమారా?" అనింది అక్క.

"బురుజుకు. దీపం పెట్టి వస్తాను."

"రేపు పగలగొట్టేదానికి ఈ పొద్దు దీపమేందిరా?"

"చచ్చేవాని నోట్లో తులసి తీర్థం పొయ్యరా అక్కా?"

"పోస్తారు. వానికి నోరుంటాది. దానికేముండాది, రాళ్ళు!" అంటూనే కొంగు బిగించింది. "పద. నేనూ వస్తా. మెట్ల మీద పడి కాలిరగ్గొట్టుకుంటే నిన్ను మోసేదానికి నా దగ్గర పల్లకీ లేదు."

ఒడిలో వేయించిన శెనిక్కాయలు పోసుకుంది. ఒక చేత్తో చార్జింగ్ లైటు పట్టుకుంది. మధ్యాహ్నమే కరెంటు పోయింది, అది సగం కూడా ఎక్కలేదు. అయినా మెట్లకు చాల్లే అనింది.

బురుజు మొదట్లో, వాకిలి ముందర, ఇసకలో కూర్చుంది. "నేనెక్కలేను. నీ దొరతనం నువ్వే ఎక్కు" అని లైటు నా చేతికిచ్చింది. నేను ఎక్కినాను. లోపల గబ్బిలాల కంపు. మెట్ల మీద కూడా ఇసక. కాలు పెడితే జరజరా జారుతోంది.

పైన దీపపు గూడు ఏటి వైపు నోరు తెరుచుకుని ఉంది. ఇనుప మూకుడు తుప్పుపట్టినా అలాగే ఉంది. ఆముదం పోసినాను. వత్తి పెట్టినాను. అగ్గిపుల్ల గీసినాను... ఆరిపోయింది. ఇంకోటి... ఆరిపోయింది. హగరి గాలి సంగతి మీకు తెలియదు. అది చేతుల మధ్యకు కూడా దూరుతుంది. ఒకసారి వత్తి అంటుకుంది. ఎర్రగా, ఇంత మంట. నా గుండె నిండింది. మరుక్షణం ఇసక చల్లినట్టు ఒక విసురు... పొగ. పెట్టె ఖాళీ అయింది.

కింద నుంచి అక్క గొంతు. "వెలిగిందా?"

"గాలక్కా!"

"అయితే ఆ లైటే పెట్టి దండం పెట్టుకుని దిగు. దేవునికే సీరియల్ లైట్లు పెడ్తాండారు, నీ బురుజుకేం తక్కువ?"

నాకు మనసొప్పలేదు. కానీ ఆ గూడు చీకటిగా ఉండగానే రేపు కూల్చేస్తారు అనుకుంటే... అదీ ఒప్పలేదు. లైటు మీట నొక్కి మూకుడులో నిలబెట్టినాను. తెల్లటి వెలుగు. గూడంతా పాలు పోసినట్టయింది. వెలుగు ఇసక మీదుగా అవతలికి పోయింది. ఊగలేదు.

ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఆ క్షణాన నాకు ఏమీ తోచలేదు. ఆ రాత్రి బతికిన ముసలామె మాట గుర్తుకు రాలేదు. ఎన్నివందల సార్లు నా నోటితో నేనే చెప్పిన మాట... అప్పుడు రాలేదు.

చేతులు కట్టుకుని నిలబడినాను. వెన్ను నిలబెట్టి, మావాళ్ళు నిలబడినట్టే. కింద అక్క శెనిక్కాయ చిట్లగొడుతోంది. టక్... కొంచెం ఆగి, టక్... గోడకు ఇసక రాసుకుంటోంది. సర్... సర్...

అప్పుడు గాలి ఆగింది.

మెల్లగా తగ్గలేదు. ఆగింది. ఎవరో చెయ్యి ఎత్తి ఆపినట్టు. ఇసక శబ్దం ఆగింది. టక్... అదీ ఆగింది.

ఒక వాసన వచ్చింది. ఏమిటది... ఏమిటది అనుకున్నాను. చాలాసేపటికి తెలిసింది. ఎర్రనీళ్ళ వాసన. కొత్తగా వచ్చిన ఏటినీళ్ళకు ఉండే వాసన. మట్టీ, కుళ్ళిన ఆకూ కలిసినట్టు ఉంటుంది. మా వైపు వానపడి ఎన్ని నెలలయిందో.

తరవాత... ఘల్.

దూరాన. అవతలి వైపు.

ఘల్... ఘల్... ఎద్దు మెడ గంటలు. ఒకటి కాదు, చాలా. వాటి కింద ఇంకో శబ్దం. కట... కట... కట... ఇనుప పట్టా వేసిన చక్రం రాతి మీద దొర్లే శబ్దం. మా చుట్టుపక్కల ఎద్దులబండి కనపడక ఎన్నో ఏళ్ళయింది. అంతా ట్రాక్టర్లే. అదీ కాక, ఇసకలో చక్రం చప్పుడు చెయ్యదు. రాయి కావాలి. ఆ రాతి బాట ఇసక కింద ఎన్ని నిలువుల లోతున ఉందో ఎవరికీ తెలియదు.

బండ్లు ఆగినాయి. ఎద్దు ఒకటి బుస్సుమనింది. ఆడమనిషి నవ్వు. ఎవరో చిన్నపిల్లను కసురుతున్నారు. రాత్రిపూట ఏటి మీద మాట తేలి వస్తుంది అంటారు. అట్లా వచ్చింది. పక్కన నిలబడి పిలిచినట్టు.

"దొరా... దాటొచ్చునా?"

దొరా అన్నారు.

మా నాయన పాడె లేచినాక ఈ భూమి మీద ఆ మాటతో ఎవరూ మా ఇంటిని పిలవలేదు. నన్ను... నేను పుట్టి బుద్ధెరిగినాక ఒక్కరు కూడా పిలవలేదు. నేను ఆలోచించలేదు. నా ఛాతీ నిండింది. మా నాయన నాకు చిన్నప్పుడు నేర్పిన గొంతుతో, పొత్తికడుపులోంచి, ఏరు దాటి వినపడేటట్టు... నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది.

"రండి!"

చర్నాకోల ఛెళ్ళుమంది. కట... కట... బండ్లు కదిలినాయి. గంటలు దగ్గరవుతున్నాయి. వాళ్ళు నవ్వుకుంటూ వస్తున్నారు. నాకు ఒంటి మీద రోమాలు లేచినాయి. భయం కాదు, చెప్పనా? సంతోషం. మా దీపం చూసుకుని మనుషులు వస్తున్నారు.

కట... కట... కట... చప్పుడు మారింది.

చక్రాల కింద... బుళక్... బుళక్... ఎద్దులు నీళ్ళలో కాలు ఎత్తి వేస్తున్న చప్పుడు.

నేను గూటి అంచు పట్టుకుని కిందికి చూసినాను. చీకటి. లైటు వెలుగు పడినంత మేర ఇసకే. పొడి ఇసక. దాని మీద ఏమీ లేదు. చప్పుడు మాత్రం ఆ ఇసక మీదనే ఉంది.

అప్పుడు దక్షిణం నుంచి వచ్చింది. మొదట శెనిక్కాయల మిషను ఎక్కడో దూరాన ఆడుతున్నట్టు. తరవాత దగ్గర్లో. తరవాత... బురుజు రాళ్ళు నా అరచేతి కింద వణికినాయి. ఏరు రావడం నేను ఎప్పుడూ వినలేదు. అయినా తెలిసిపోయింది. పైన వాన పడింది. ఏరు వస్తోంది.

"నిలవండి!" అని అరిచినాను. "ఎనక్కి! ఎనక్కి తిప్పండి!"

"దొరా!" ఆ గొంతు నడి ఏట్లోంచి. నవ్వు లేదు ఇప్పుడు. "దొరా, దీపం! దీపం సరిగ్గా పట్టు! కొమ్ముల నడమ కనపళ్ళా!"

తిరిగి చూసినాను. లైటు పచ్చబడుతోంది. తెల్లది పసుపయింది... పసుపు ఎర్రనయింది... మూకుడులోంచి ఎత్తి రెండు చేతులా పట్టుకుని ఏటి వైపు చాచినాను. కొట్టినాను. ఊపినాను. సగం కూడా చార్జింగ్ ఎక్కలేదు అన్నాను కదా.

ఆరిపోయింది.

ఒక్కసారిగా చాలా గొంతులు. మగవీ, ఆడవీ, పిల్లలవీ. అన్నీ ఒకటే మాట. దొరా... దొరా... దొ...

తరవాత ఏమీ లేదు.

సర్... సర్... ఇసక గోడకు రాసుకుంటోంది. గాలి వీస్తోంది. ఎప్పటి నుంచో వీస్తున్నట్టే.

నేను దిగలేదు. దిగకూడదు కదా. "దాటినాం దొరా" అన్న కేక రావాలి. ఒక్క బండైనా చేరి ఉంటుంది. ఒక్కటైనా... చెవి ఏటికి పెట్టి నిలబడినాను. ఎంతసేపో తెలియదు. మా అక్క గోడ తడుముకుంటూ చీకట్లో పైకొచ్చి చెయ్యి పట్టుకుంటే అదిరిపోయినాను.

"ఏంటికిరా అట్లా అరుస్తాండావు? ఎవుర్ని రమ్మంటివి? ఎవుర్ని నిలవమంటివి?"

"నీకు వినపళ్ళేదా అక్కా?"

"నీ అరుపు వినపడె."

"వాళ్ళు? దాటొచ్చునా అని అడిగింది?"

"ఎవురూ అడగలేదురా తిమ్మప్పా" అనింది. చాలా మెల్లగా. మా అక్క అంత మెల్లగా మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వే రండి అంటివి. ఎవురూ అడగలేదు."

చెయ్యి పట్టుకుని దించింది. దిగుతూ ఉంటే నాకు తట్టింది. "మెట్లెక్కలేనంటివి కదక్కా. పైకేంటికొచ్చినావు?"

గోడ పట్టుకుని ఇంకో మెట్టు దిగింది.

"ఏమో. కూర్చున్నచోట కాళ్ళకు సల్లగా తగిలె. పామేమో అనుకుంటి."

ఇంతవరకు ఆమె దాని గురించి ఇంకో మాట మాట్లాడలేదు. నేను అడగలేదు.

తెల్లారి జేసీబీ వచ్చింది. రెండు ఊర్ల జనం చేరినారు. పనేముంది మాకు, వాన లేక చేన్లు ఎండి కూర్చున్నవాళ్ళం. మొదటి దెబ్బకే పైనున్న గూడు రాలి పడింది. ఇనుప మూకుడు దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. పునాది వరకు తవ్వినారు. నేను దగ్గరికి పోయి చూసినాను. అందరూ వేడుక చూస్తున్నాను అనుకున్నారు. ఇసక చేతిలోకి తీసుకున్నాను. పొడి. తవ్వినకొద్దీ పొడి. ఎక్కడా తడి లేదు. పిడికిలి బిగిస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

అవతలి ఊరి ఈరన్న వచ్చి నా పక్కన నిలబడినాడు. ముసలివాడు, చేతిలో కర్ర. ఆ రాత్రి బతికిన పిల్ల ఉందే, ఆమె మనవడే ఇతను. జీవితమంతా నేనూ అతనూ సంతలో, బస్టాండులో ఈ మాట మీదనే కొట్లాడుకున్నాం.

"అయిపాయె కదప్పా నీ దీపం" అన్నాడు.

"అయిపోయింది."

"ఇంక రాళ్ళు గూడా లేవు. కొట్లాడేదానికి నాకూ ఓపిక లేదు, నీకూ లేదు." దగ్గరగా వచ్చినాడు. గొంతులో ఎకసెక్కం లేదు. అదే నాకు కష్టమయింది. "మా జేజి సచ్చేటప్పుడు గూడా అదే మాటప్పా. తెల్లదీపం, తెల్లదీపం అంటానే పోయింది. ఈ పొద్దన్నా చెప్పు తిమ్మప్పా. ఎవురికీ చెప్పను. ఆ రాత్రి మీ దీపం వెలిగినాదా, లేదా?"

పుట్టినప్పటి నుంచి నాకు వచ్చిన జవాబు ఒకటే. 'లేదు.' నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నోరు తెరిచినాను. 'లేదు' అనాలి.

రాలేదు.

'వెలిగింది' అంటే మా జేజినాయన అబద్ధాలకోరు. 'లేదు' అంటే నేను. మూకుడు ఎత్తుకున్నాను ఊరికే. దాని అడుగున నా ఆముదం ఇంకా జిడ్డుగా ఉంది.

ఈరన్న నా మొహంలోకి చూసినాడు. చాలాసేపు. ఆపైన తల ఊపినాడు. నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ ఊరివాళ్ళు మా ఒంటి మీద చెయ్యి వేయడం అదే మొదలు.

"పోనీలేప్పా. తెలిసె" అన్నాడు. "మీ జేజినాయన తప్పు. నువ్వేం చేస్తావు?"

కర్ర తాటించుకుంటూ పోయినాడు. సాయంత్రానికి రెండు ఊర్లకూ తెలిసిపోయింది. దీపం తిమ్మప్ప ఒప్పుకున్నాడని.

మా జేజినాయన నిజమే చెప్పినాడు. ఆయన వెలిగించలేదు. ఆ ముసలామె కూడా నిజమే చెప్పింది. దీపం వెలిగింది. ఊళ్ళో ఇది ఎవరికి చెప్పను? చెప్పినా ఏమంటారు? గాలి అంటారు. అమావాస్య అంటారు. ముసలివాడు, మనసు చెదిరింది అంటారు. నేనూ చాలా రాత్రులు అదే అనుకుని పండుకుంటాను. గాలే. అంతే. ఎక్కడో గొర్రెల మంద గంటలు విని ఉంటాను. అక్క కాళ్ళకు తగిలింది పామే అయి ఉంటుంది... పాము చల్లగానే కదా ఉంటుంది.

ఇప్పుడు అక్కడ రోడ్డు కట్ట పోసినారు. రోజూ పొద్దు గుంకే వేళకు పోయి దాని మీద కూర్చుంటాను. అక్క వచ్చి తిడుతుంది. "లేయ్‌రా, అన్నం సల్లారిపోతాది, ఎవురొస్తారని?" లేస్తాను అంటాను.

లేవలేను. నేను రండి అన్నాను కదా. వాళ్ళు ఇంకా దాటినాం అనలేదు.